సిస్టమ్ ఫోల్డర్లు డిలీట్ అయితే టెస్ట్‌డిస్క్ ఎంతవరకు ఆదుకుంటుంది?

బూట్ కాని కంప్యూటర్ పట్టుకొని వరంగల్‌లోనో హనుమకొండలోనో దుకాణానికి పోతే మొదట వినబడే మాట ఒకటుంది: "విండోస్ కొత్తగా ఎక్కిస్తే సెట్ అయితది." కంప్యూటర్ సెట్ అయ్యే మాట నిజమే. కానీ విండోస్‌తో పాటు మీ ఫైళ్లుండే యూజర్స్ ఫోల్డర్ కూడా పోయి ఉంటే, ఆ ఇన్‌స్టాలేషనే దాని మీద మట్టి పూడ్చేస్తుంది. విండోస్ నడవడానికి కావలసిన సిస్టమ్32 ఫోల్డర్ మైక్రోసాఫ్ట్ దగ్గర ఎప్పుడూ దొరుకుతుంది. మీ థీసిస్, పెళ్లి ఫొటోలు, దుకాణం లెక్కలు అక్కడ దొరకవు. అందుకే ముందు డేటా తీయాలి, తర్వాతే విండోస్.

ఆ పనికి టెస్ట్‌డిస్క్ మంచి సాధనం. క్రిస్టోఫ్ గ్రెనియే రాసిన ఉచిత, ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ ఇది. 7.2 వెర్షన్ 2024లో వచ్చింది. దీన్ని ఇన్‌స్టాల్ చేయనక్కరలేదు, పెన్‌డ్రైవ్‌లో జిప్ విప్పి నేరుగా నడపొచ్చు. ఇది చిన్న సౌకర్యం కాదు. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో (విండోస్ డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతి) డిలీట్ కొడితే ఫైల్ వెంటనే చెరిగిపోదు, దాని చోటు ఖాళీ అని గుర్తు మాత్రమే పడుతుంది. ఆ చోట ఏది రాసినా పాత ఫైల్ పోయినట్టే. రికవరీ సాఫ్ట్‌వేర్‌ను సీ డ్రైవ్‌లోనే ఎక్కించుకోవడం పెద్ద తప్పు. విండోస్ ఊరికే ఆన్‌లో ఉన్నా లాగ్ ఫైళ్లు, అప్‌డేట్లు రాస్తూనే ఉంటుంది. కాబట్టి పొరపాటు తెలిసిన క్షణమే పవర్ బటన్ పట్టి ఆపేయండి. డిస్కు ఊడదీసి సాటా-యూఎస్‌బీ అడాప్టర్‌తో ఇంకో కంప్యూటర్‌కు తగిలించండి. డెస్క్‌టాప్‌లో ఉండే 3.5 అంగుళాల డిస్కు అయితే అడాప్టర్‌కు 12 వోల్టుల పవర్ కూడా కావాలి.

టెస్ట్‌డిస్క్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. వరుసగా ఇవి ఎంచుకోండి: నో లాగ్, ఆ తర్వాత డిస్కు, విభజన రకం (అదే గుర్తుపట్టి చూపిస్తుంది), అడ్వాన్స్‌డ్, పార్టిషన్ (డిస్కులోని భాగం), చివరికి అన్‌డిలీట్. డిలీట్ అయిన ఫైళ్లు పాత దారితో సహా కనబడతాయి. కోలన్ కీ ఒక ఫైల్‌ను ఎంచుకుంటుంది, 'ఎ' నొక్కితే అన్నీ ఎంపికవుతాయి. చాలామంది తడబడేది ఇక్కడే: చిన్న 'సి' కర్సర్ కింది ఒక్క ఫైల్‌నే కాపీ చేస్తుంది, ఎంచుకున్నవన్నీ కాపీ కావాలంటే షిఫ్ట్‌తో పెద్ద 'సి' కొట్టాలి. దాచే చోటు అడిగినప్పుడు రెండు చుక్కల (..) వరుస మీద ఎంటర్ కొడుతూ పైకి పోతే డ్రైవ్‌లన్నీ కనబడతాయి. వేరే డిస్కునే ఎంచుకోండి. అది ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసినదైతే 4 జీబీ దాటిన వీడియో అందులో పట్టదు. అనలైజ్‌లోకి పోయి రైట్ మాత్రం నొక్కొద్దు, అది డిస్కు భాగాల పట్టిక అయిన పార్టిషన్ టేబుల్‌ను మార్చేస్తుంది.

జాబితాలో పేరు కనబడగానే ఫైల్ బాగుందని అనుకోకూడదు. చోటు మీద వేరే డేటా పడి ఉంటే సైజు సరిగ్గానే ఉంటుంది కానీ తెరుచుకోదు. ముందు నాలుగైదు ఫైళ్లు తీసి తెరిచి చూడండి.

జాబితా ఖాళీగా వస్తే దానితోపాటే వచ్చే ఫొటోరెక్ ఉంది. ఇది ఫైల్ సిస్టమ్‌ను పట్టించుకోదు, డిస్కంతా గాలించి ఫైళ్ల తల గుర్తుల్ని బట్టి ఏరుతుంది. బలహీనత కూడా అందులోనే ఉంది: పేర్లు, ఫోల్డర్లు రావు. ఎఫ్ అక్షరం పక్కన అంకెలతో ఫైళ్లు, ఫోల్డర్‌కు 500 చొప్పున పోగుపడతాయి. ముక్కలుగా పడిన పెద్ద వీడియోలు తరచూ విరిగే వస్తాయి. ఫైల్ ఆప్ట్ అనే మెనూలో మీకు కావలసిన రకాలే ఉంచితే ఏరుకునే బాధ సగం తగ్గుతుంది. పెద్ద డిస్కుకు గంటలు పడుతుంది కానీ మధ్యలో కరెంటు పోయినా ఆగినచోట నుంచి కొనసాగించే వీలుంది.

ఎస్‌ఎస్‌డీ (చిప్‌లతో పనిచేసే డిస్కు) సంగతి వేరు. ట్రిమ్ అనే ఏర్పాటు ఆన్‌లో ఉంటే డిలీట్ అయిన చోటును డిస్కే తుడిచేస్తుంది, ఏ సాఫ్ట్‌వేర్ కొన్నా చాలావరకు ఖాళీ చేతులే. బిట్‌లాకర్ (విండోస్ వేసే తాళం) వేసిన డ్రైవ్‌ను 48 అంకెల రికవరీ కీతోనో పాస్‌వర్డ్‌తోనో తెరవకుండా టెస్ట్‌డిస్క్ కూడా చదవలేదు.

డేటా చేతికొచ్చాక విండోస్ సంగతి. సిస్టమ్32ను ఫైల్ ఫైల్‌గా తిరిగి పేర్చాలని చూడకండి, అనుమతులు చెడి ఇంకో తంటా మొదలవుతుంది. రెండు మూడు ఫైళ్లే పోతే రికవరీ కమాండ్ ప్రాంప్ట్ నుంచి ఎస్‌ఎఫ్‌సీని (చెడిన విండోస్ ఫైళ్లను సరిచేసే కమాండ్) ఆఫ్‌లైన్‌గా నడపండి. అక్కడ సీ డ్రైవ్ డీగా మారి ఉండొచ్చు, అక్షరం చూసుకొని కొట్టండి. ఫోల్డరే పోతే 8 జీబీ పెన్‌డ్రైవ్‌తో కొత్త విండోసే దారి.

డీటీపీ సెంటర్ల వాళ్లకు ఒక మాట. ఫాంట్స్ ఫోల్డర్ పోతే అను ఫాంట్లతో కట్టిన పెళ్లిపత్రిక తెరవగానే తెలుగు బదులు పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలు వస్తాయి. ఫైల్ చెడిపోలేదు. అను ఫాంట్లు యూనికోడ్ కావు, ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టినవి. కంగారులో సేవ్ కొట్టకుండా మూసేసి, అవే ఫాంట్లు మళ్లీ ఎక్కించి తెరవండి, పత్రిక ఎప్పటిలాగే కనబడుతుంది.