బయటి ఉష్ణోగ్రత సెన్సార్: ఉప్పుగాలిలో మూడేళ్ల వాడకం తర్వాత

తిత్లీ తుపాను మా తోటలను పడగొట్టిన మరుసటి ఏడాది, 2019లో, డబుల్ క్యాబిన్ పికప్ కొన్నాను. ఉద్దానం నుంచి కొబ్బరికాయలు, జీడిపిక్కలు పలాసకు చేరవేయడం దాని పని. ఈ సమీక్ష బండి గురించి కాదు. ముందు బంపర్ వెనక, చిటికెన వేలంత ఉండే బయటి ఉష్ణోగ్రత సెన్సార్ గురించి. దాన్ని 2022 మే నెలలో మార్చాను. అప్పటి నుంచి మూడు వానాకాలాలు, మూడు వేసవులు గడిచాయి కాబట్టి నమ్మకంగా చెప్పగలను.

ముందు ఏసీ ఆగిపోయింది. మే నెల మిట్టమధ్యాహ్నం, కాశీబుగ్గ నుంచి టెక్కలి వెళ్లే జాతీయ రహదారి మీద, ఫ్యాను తిరుగుతోంది కానీ వేడిగాలే వస్తోంది. ఒక షెడ్డులో గ్యాస్ నింపి డబ్బు తీసుకున్నారు, ఫలితం లేదు. మరోచోట కంప్రెసర్ పోయిందని, మార్చడానికి 22,000 రూపాయలు అవుతుందని చెప్పారు. ఆ డబ్బు సర్దుకునే ఆలోచనలో ఉండగా నరసన్నపేటలో ఒక పెద్దాయన, ఆటో ఎలక్ట్రీషియన్, బానెట్ తెరవకుండానే మీటర్ బోర్డు వైపు చూశారు. అక్కడ బయటి ఉష్ణోగ్రత మైనస్ 40 అని ఉంది. అన్ని రోజులూ అది నా కళ్లెదుటే ఉంది, నేను పట్టించుకోలేదు.

"బాబూ, బయట ఎండ కాస్తోందని మీ బండికి తెలియడం లేదు. గడ్డకట్టే చలి అనుకుంటోంది. అంత చలిలో కంప్రెసర్‌ను అది తిప్పదు" అన్నారు.

విషయం అంతే. ఆటోమేటిక్ ఏసీ ఉన్న బండ్లలో బయటి గాలి మరీ చల్లబడితే కంప్రెసర్ దెబ్బతినకుండా కంప్యూటర్ దాన్ని ఆపేస్తుంది. సెన్సార్ లోపల ఉండేది వేడి పెరిగేకొద్దీ విద్యుత్ నిరోధం తగ్గే చిన్న పూస. చల్లబడితే నిరోధం పెరుగుతుంది. తీగ తెగినా, పిన్ను వదిలినా నిరోధానికి అంతు ఉండదు. కంప్యూటర్ దాన్ని అతి చలిగా అర్థం చేసుకుంటుంది. అందుకే మైనస్ 40.

కొత్త సెన్సార్ కొని నేనే పెట్టుకున్నాను. బంపర్ కింది ప్లాస్టిక్ కవచం విప్పితే చెయ్యి దూరుతుంది, అరగంట పని. ఏసీ వెంటనే పనిచేసింది. ఇక్కడితో ఆగి ఉంటే ఈ సెన్సార్ అద్భుతమని రాసి ఉండేవాడిని. కానీ ఆగస్టులో వాన కురుస్తుండగా బోర్డు మీద 43 కనిపించింది. వాన వెలిసి రెండు రోజులు ఎండ కాశాక అదే 20కి దిగింది. కొత్త సామాను పాడైందనుకుని బాధపడ్డాను.

పాత సెన్సార్‌ను పారేయకపోవడం మంచిదైంది. చేపల వ్యాపారుల దగ్గర ఐసు తెచ్చి, స్టీలు గ్లాసులో నీళ్లతో కలిపి, పాత సెన్సార్‌ను అందులో ముంచి, నిరోధాన్ని ఓమ్‌లలో కొలిచే మల్టీమీటర్ తగిలించాను. ఐసు కరుగుతున్నంతసేపూ ఆ నీరు సున్నా డిగ్రీల దగ్గరే ఉంటుంది. మీటర్ దాదాపు 33 కిలో ఓమ్‌లు చూపింది. తీసి తుడిచి గుప్పెట్లో పట్టుకుంటే అంకెలు కళ్లముందే దిగుతూ 7 దగ్గరకు వచ్చాయి. 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్‌లు ఉండే రకానికి ఇవి సరైన లెక్కలే. అంటే నేను పాడైందనుకుని తీసేసింది నిక్షేపంగా ఉంది!

అప్పుడు సెన్సార్‌ను బండి తీగలకు కలిపే కనెక్టర్ విప్పి టార్చి వేసి చూశాను. రెండు రాగి పిన్నుల మొదట్లో ఆకుపచ్చ చిలుము, గుడి గంటకు పట్టినట్టు పట్టి ఉంది. ఒక తీగ పైతొడుగు కోస్తే లోపలి రాగి నల్లగా మారి, వేలితో నలిపితే పొడిగా రాలింది. సముద్రపు గాలి, వాననీరు ఏళ్ల తరబడి చేసిన పని అది. కొత్త సెన్సార్ తగిలించేటప్పుడు ఆ రాపిడికి కాస్త చిలుము ఊడి, కొన్నాళ్లు పనిచేసిందంతే.

ఇది తెలిశాక వింత అంకెలన్నీ అర్థమయ్యాయి. 35 డిగ్రీల ఎండలో సెన్సార్ నిరోధం సుమారు ఆరున్నర కిలో ఓమ్‌లు. చిలుము మరో ఆరు కలిపితే బండికి అది 20 డిగ్రీలుగా కనిపిస్తుంది. వానలో ఉప్పునీరు రెండు పిన్నుల మధ్య వంతెన వేస్తే నిరోధం తగ్గి, వేడి ఎక్కువగా కనిపిస్తుంది. ఎండలో చలి, వానలో వేడి చూపిస్తే ముందు కనెక్టర్‌ను అనుమానించండి.

తీగను మెరిసే రాగి వచ్చేదాకా వెనక్కి కత్తిరించి, కొత్త కనెక్టర్‌ను సోల్డరింగ్ చేసి, వేడికి బిగిసే గొట్టం తొడిగి, పిన్నుల మీద సిలికాన్ గ్రీజు పూశాను. ఆ తర్వాత ఒక్కసారి కూడా ఏసీ ఆగలేదు. ఏటా వానలకు ముందు విప్పి చూస్తున్నాను, చిలుము జాడ లేదు.

సెన్సార్ పనితనానికి వస్తే, 2023 ఫిబ్రవరిలో శృంగవరపుకోట నుంచి అరకు ఘాట్ ఎక్కినప్పుడు గమనించాను. కింద 31, పైన 25. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తు. వెయ్యి మీటర్లకు ఆరున్నర డిగ్రీలు తగ్గడం మామూలు కాబట్టి ఆ తేడా సరిపోయింది. పలాసలో సరుకు దింపడానికి గంటసేపు ఇంజను ఆపకుండా నిలబడితే మాత్రం 45 చూపిస్తుంది. అది ఇంజను వేడి. రహదారి ఎక్కి పది నిమిషాలు నడిస్తే 37కి దిగుతుంది. దీన్ని లోపంగా నేను చూడను. కళింగపట్నం వాతావరణ కేంద్రం లెక్కతోనూ పోల్చకూడదు. అక్కడ నేలకు నాలుగు అడుగుల ఎత్తున, నీడలో, గాలి ఆడే పెట్టెలో కొలుస్తారు. మన సెన్సార్ తారురోడ్డు సెగ మీద వేలాడుతుంది.

కొనేటప్పుడు ఆకారం చూసి మోసపోవద్దు. అచ్చం ఇలాగే ఉండి 25 డిగ్రీల దగ్గర వేరే నిరోధం ఉండేవి దొరుకుతాయి. అవి బాగానే బిగుస్తాయి, అంకె మాత్రం తప్పు చూపిస్తాయి. మల్టీమీటర్ పట్టుకెళ్లి దుకాణంలోనే కొలవండి. నాకున్న ఒకే ఫిర్యాదు దీని ప్లాస్టిక్ క్లిప్పు మీద. రెండో ఏడాదే విరిగింది. నైలాన్ ట్యాగుతో రేడియేటర్ ముందున్న బ్రాకెట్‌కు కట్టాను, కదలకుండా ఉంది.