చిన్న కాలేజీలో ఐఆర్ మేజర్: నాలుగేళ్లు వాడాక

బ్రోషర్లో కనిపించేది ప్రపంచ పటం, జెండాలు. లోపల ఉండేది చదవడం, రాయడం, రాసింది కొట్టేసి మళ్లీ రాయడం. అమెరికాలో రెండు వేల మంది ఉండే లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో (అన్ని రకాల సబ్జెక్టులూ చెప్పే డిగ్రీ కాలేజీ) ఇంటర్నేషనల్ రిలేషన్స్‌ని (ఐఆర్, దేశాల మధ్య సంబంధాలు) మేజర్‌గా, అంటే ప్రధాన సబ్జెక్టుగా, చదవడంలో బలం అదే. సెమినార్‌లో పదిహేను మందే కాబట్టి చదవకుండా వస్తే పది నిమిషాల్లో దొరికిపోతారు. డ్రాఫ్ట్‌ని ప్రొఫెసరే చదివి, మార్జిన్ నిండా ప్రశ్నలు రాసి వెనక్కిస్తారు. మూడేళ్లు మీ రాత చూసిన మనిషి ఇచ్చే రికమండేషన్ లెటర్ మాస్టర్స్ అప్లికేషన్‌లో బాగా పనిచేస్తుంది.

ఇబ్బంది కూడా కాలేజీ చిన్నది కావడంతోనే. ఐఆర్ చెప్పేవాళ్లు ముగ్గురో నలుగురో. ఒకరు సబాటికల్‌కి (పరిశోధన కోసం తీసుకునే సెలవు) వెళ్తే ఆ ఏడాది దక్షిణాసియా కోర్సే ఉండకపోవచ్చు. కేటలాగ్‌ని నమ్మొద్దు, ఏళ్ల తరబడి నడవని కోర్సులు కూడా అందులో ఉంటాయి. గత నాలుగు సెమిస్టర్ల టైంటేబుల్ తీసి నిజంగా నడిచినవేవో చూడండి. మూడో ఏడాది స్టడీ అబ్రాడ్‌కి వెళ్లేవాళ్లకి ఇది మరీ ముఖ్యం. ఏడాదికి ఒక్కసారే చెప్పే మెథడ్స్ (పరిశోధన పద్ధతులు) కోర్సు మీరు లేని సెమిస్టర్‌లో పడితే, నాలుగో ఏడాది థీసిస్‌తో కలిసి నెత్తిన కూర్చుంటుంది. తాత్కాలికంగా వచ్చే విజిటింగ్ ప్రొఫెసర్‌ని నమ్ముకుని థీసిస్ మొదలెట్టకండి, మీరు పూర్తి చేసేలోపు వాళ్లే వెళ్లిపోతారు.

అరబిక్, చైనీస్ లాంటివి చాలాచోట్ల రెండో ఏడాదితో ఆగిపోతాయి. ఆపై వేసవి ఇంటెన్సివ్ కోర్సే దారి. భాషలు నేర్చుకోవడానికి అమెరికా ప్రభుత్వం ఇచ్చే క్రిటికల్ లాంగ్వేజ్ స్కాలర్‌షిప్, బోరెన్ అవార్డు అమెరికా పౌరులకే కాబట్టి మనవాళ్లు కాలేజీ ఇచ్చే సమ్మర్ గ్రాంట్ అడగాలి.

మైక్రో, మాక్రో ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్ మొదటి రెండేళ్లలోనే అవగొట్టేయండి, మాస్టర్స్‌లో చాలాచోట్ల అడుగుతారు. ఇలాంటి చిన్న కాలేజీయే అయిన మకాలెస్టర్ పేరు చెబితే అందరికీ గుర్తొచ్చే ఐక్యరాజ్య సమితి (ఐరాస) మాజీ సెక్రటరీ జనరల్ కోఫీ అన్నన్ అక్కడ తీసుకున్న డిగ్రీ ఎకనామిక్స్‌లో!

వీసా సంగతి అడ్మిషన్ ఆఫీసు తనంతట తాను చెప్పదు. ఐఆర్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) కిందకి రాదు, కాబట్టి ఓపీటీ (చదువయ్యాక అమెరికాలో పనిచేసే అనుమతి) 12 నెలలే. స్టెమ్ జాబితాలో ఉన్న ఎకానమెట్రిక్స్ కోడ్ కింద నమోదైన ఎకనామిక్స్‌ని రెండో మేజర్‌గా పెట్టుకుంటే, ఉద్యోగం కూడా దానికి సంబంధించిందైతే, మరో 24 నెలలకి దారి ఉంటుంది. ఐ-20లో (వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం) ఏ కోడ్ పడిందో మీరే చూసుకోండి. స్టేట్ డిపార్ట్‌మెంట్ (అమెరికా విదేశాంగ శాఖ) ఇంటర్న్‌షిప్‌లకి పౌరసత్వం కావాలి, కాబట్టి ఎన్జీవోలు, థింక్ ట్యాంకులు వెతకాలి. అక్కడ చేయాలన్నా సీపీటీ (చదువుతుండగానే పనిచేసే) అనుమతి ముందే తీసుకోవాలి; అది మామూలుగా ఒక అకడమిక్ ఏడాది పూర్తయ్యాకే.

ఇక థీసిస్. "చైనా ఎదుగుదల" అని మొదలెట్టినవాళ్లు మూడో నెలకి మునిగిపోతారు. ఒక దేశం, ఒక అంశం, పదేళ్లలో ఐరాస సర్వసభ్య సభలో వేసిన ఓట్లు: ఈ కొలత సరిపోతుంది, ఓటింగ్ రికార్డులు ఐరాస డిజిటల్ లైబ్రరీలో ఉచితంగా దొరుకుతాయి. ఇంటర్వ్యూలు చేయాలనుకుంటే స్టడీ అబ్రాడ్‌కి బయల్దేరే ముందే ఐఆర్‌బీ (మనుషులపై చేసే పరిశోధనని పరిశీలించే కాలేజీ కమిటీ) ఆమోదానికి పెట్టండి, వారాలు పడుతుంది. ఆమోదం లేకుండా చేసుకొచ్చిన ఇంటర్వ్యూలని థీసిస్‌లో వాడనివ్వరు.