జీపీ రోడ్డులో మా పద్మినికి కొన్న పచ్చ కూలెంట్: నాలుగు స్టార్లు

పోయిన నెల మౌంట్ రోడ్డు పక్కన జనరల్ ప్యాటర్స్ రోడ్డులో ఒక పాత స్పేర్ పార్ట్స్ షాపులో మా 1991 ప్రీమియర్ పద్మిని కారుకి కూలెంట్ (ఇంజిన్ వేడెక్కకుండా రేడియేటర్లో పోసే ద్రవం) కొన్నా. షాపుకీ డబ్బాకీ కలిపి ఒకటే రివ్యూ రాసేస్తున్నా, ఎందుకంటే ఆ షాపు పెద్దాయన లేకపోతే నేను ఈ డబ్బా కొనేవాణ్ణే కాదు, ముందు వరసలో తళతళలాడుతున్న ఎర్రదే పట్టుకొచ్చేవాణ్ణి.

ముందు కథ కొంచెం చెప్పాలి. నాన్న నడిపినన్నాళ్లు ఈ బండికి కూలెంట్ అనే మాటే లేదు. పొద్దున్నే బానెట్ ఎత్తడం, రేడియేటర్ మూత తిప్పడం, చెంబుడు బోరు నీళ్లు పొయ్యడం, అంతే. పెరంబూరులో మా వీధి బోరు నీళ్లంటే స్టీలు బిందెకి నెల తిరక్కుండా తెల్లగా గార కట్టే రకం, ఆ నీళ్లే దాదాపు ముప్పై ఏళ్లు ఇంజిన్లో తిరిగాయి పాపం. నిరుడు నేను ఒక గ్యారేజీకి ఇస్తే (పేరెందుకులెండి) లోపలున్నది సగం కూడా దించకుండా, కొత్త కార్లకి పోసే ఎర్ర రెడీమిక్స్ (ముందే నీళ్లు కలిపి అమ్మే కూలెంట్) పైనుంచి పోసేసి "అయిదేళ్లదాకా చూడక్కర్లేదు సార్" అని పంపించారు. అయిదేళ్లు కాదు, అయిదు నెలలు. రేడియేటర్ ట్యూబులు పై తొట్టికి అతికిన సోల్డర్ దగ్గర తెల్లగా, పచ్చగా పొక్కుల్లా పూసింది, కింది హోసు దగ్గర చుక్కలు మొదలయ్యాయి. మూత తీసి టార్చి కొట్టి చూస్తే అచ్చం ఫిల్టర్ కాఫీ డికాషన్. వేలు ముంచి రుద్దితే గరగరమని ఇసక తగిలింది. తప్పంతా ఎర్రదానిదే అనను, పాత గార, బిగుసుకుపోయిన హోసు, అన్నీ కలిసే కొంప ముంచాయి, కానీ ఆ ఎర్రది మాత్రం ఈ బండికి పోయాల్సింది కాదు.

ఇక షాపు. బోర్డంతా తమిళమే, కానీ పెద్దాయన ఫోన్లో ఎవరితోనో "ఏందబ్బా నువ్వు" అంటుంటే విని నెల్లూరాయనే అని పట్టేశా. కూలెంట్ కావాలండీ అంటే వేరే షాపుల్లో "ఎన్ని లీటర్లు" అంటారు, ఈయన "ఏం బండి నాయనా" అన్నాడు. పద్మిని అనగానే కళ్లజోడు పైకి తోసి "రేడియేటర్ పాతదేనా, అల్యూమినియంది వేయించినావా? హోసులు మార్చినావా? ఇంతకు ముందు ఏం పోసుండారు?" అని వరసగా అడిగాడు. రాగిదేనండీ, పాతదే, పోసింది ఎర్రది అన్నా. "అయితే అది మళ్లీ ఒద్దు" అని నిచ్చెనెక్కి పై అరలోంచి దుమ్ము కొట్టుకుపోయిన పచ్చ డబ్బా దించాడు. నిజం చెప్పొద్దూ, అమ్ముడుపోనిది నాకు అంటగడుతున్నాడేమో అనుకున్నా.

ఆయన చెప్పిందీ, ఇంటికొచ్చాక నేను చదువుకున్నదీ కలిపి చెప్తా. పద్మిని 1089 సీసీ ఇంజిన్ బ్లాకు పోత ఇనుము, హెడ్ అల్యూమినియం, రేడియేటర్ రాగీ ఇత్తడీ, అతుకులు సీసం కలిసిన సోల్డర్. ఇన్ని లోహాలు ఒకే నీళ్లలో నానుతుంటే అదో చిన్న బ్యాటరీ, ఏదో ఒకటి తినేసుకుంటూ పోతుంది. పాత పద్ధతి కూలెంట్‌లో, అంటే ఐఏటీ అనే రకంలో, సిలికేట్‌లు ఫాస్ఫేట్‌ల లాంటి మందులుంటాయి, అవి లోపల లోహం మీద గబగబా ఒక పొర వేసేస్తాయి, కానీ తొందరగా అయిపోతాయి కాబట్టి రెండేళ్లకోసారి మార్చాలి. ఓఏటీ అనేది, అంటే గ్యారేజీవాళ్లు పోసిన ఎర్రదాని రకం, ఆర్గానిక్ యాసిడ్‌లతో చేసేది, తుప్పు మొదలైన చోటే పనిచేస్తుంది, అందుకే అయిదేళ్లు వస్తుంది, అల్యూమినియం రేడియేటర్ ఉన్న కొత్త బండికి బంగారం లాంటిది. పాత సీసం సోల్డర్‌కీ, కొన్ని రకాల సీళ్లకీ మాత్రం దాంతో అంతగా పడదు. రెండూ కలిపితే ఒక్కోసారి జిగురుగా పేరుకుంటుంది, అలా కాకపోయినా రెండిటి మందులూ త్వరగా చస్తాయి.

రంగు చూసి మాత్రం కొనొద్దు, దీనికి పెద్దాయన బల్ల గుద్దాడు. రంగుకి రూలేమీ లేదు, కంపెనీ ఇష్టం, పచ్చగా ఉండే ఓఏటీలు కూడా ఉన్నాయి. డబ్బా తిప్పి వెనక చూడాలి. నా డబ్బా మీద ఐఎస్ 5759, ఏఎస్‌టీఎం డీ3306 అని కూలెంట్ ప్రమాణాల నంబర్లు ఉన్నాయి, కింద ఐఏటీ అని, రెండేళ్లు అని. ఆ అక్షరాలు చదవడానికి ఫోన్లో ఫొటో తీసి పెద్దది చేసుకోవాల్సొచ్చింది, అక్కడే ఒక స్టారు కట్.

డబ్బా మీద పెద్దక్షరాల్లో మాత్రం మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు అని గొప్ప. చెన్నైలో! ధనుర్మాసంలో కూడా బీరువాలోంచి స్వెటర్ తియ్యని ఊళ్లో! సగం సగం కలిపితే వచ్చే లెక్క అది. మనకి కావాల్సింది తుప్పు మందు, మరుగు కాస్త ఆలస్యం కావడం, అంతే. పైగా కూలెంట్‌లో ఉండే గ్లైకాల్ నీళ్లంత బాగా వేడిని మోసుకుపోదు, ఎక్కువ పోస్తే మంచిదనుకుని చిక్కగా పోస్తే మన ఎండలకి నష్టమే. అందుకని ఒక వంతు మందు, రెండు వంతుల డిస్టిల్డ్ వాటర్ కలిపా. బోరు నీళ్లూ కాదు, మినరల్ వాటర్ క్యానూ కాదు, బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటరే. లీటరు మందు మూడొందల ఎనభై పడింది, రెండు తీసుకున్నా.

పోసేముందు కడగడానికే ఒక ఆదివారం మొత్తం పోయింది. మా మెకానిక్ యాసిడ్ వేసి కడిగేద్దామన్నాడు, హెడ్ అల్యూమినియం రా బాబూ అని చేతులు పట్టుకున్నా. మామూలు నీళ్లు పోసి, థర్మోస్టాట్ తెరుచుకునేదాకా ఇంజిన్ నడిపి, చల్లారాక దించడం, మళ్లీ పొయ్యడం, అలా ఆరుసార్లకి గానీ తెల్లనీళ్లు రాలేదు, చివరి రెండుసార్లూ డిస్టిల్డ్ వాటరే. దించింది తొట్టిలోనే పట్టండి, రోడ్డు మీద వదలొద్దు, గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, వీధి కుక్కపిల్లలు నాకితే కిడ్నీలు పోతాయి. రెండు హోసులూ, క్లిప్పులూ కొత్తవి వేశా, రేడియేటర్ మూత కూడా. ఈ మూత సంగతి ఎవరూ పట్టించుకోరు గానీ అది పట్టి ఉంచే ప్రెషర్ ఒక్కో పీఎస్ఐకి మరిగే డిగ్రీ ఒకటిన్నర పెరుగుతుంది, రబ్బరు పోయిన మూత పెట్టుకుని కూలెంట్‌ని తిట్టి లాభం లేదు.

ఇంకో ముచ్చట. మల్టీమీటర్ నెగటివ్ పిన్ను బ్యాటరీ నెగటివ్‌కి ఆనించి, పాజిటివ్ పిన్ను రేడియేటర్ లోహానికి తగలకుండా కూలెంట్‌లో ముంచితే లోపల ఎంత కరెంటు పుడుతోందో తెలుస్తుంది, 0.3 వోల్టులు దాటితే మంచిది కాదంటారు. ఆ డికాషన్‌కి నాకు 0.4 వచ్చింది. పచ్చది పోసిన మూడు వారాలకి చూస్తే 0.08. మా ఆవిడ "షుగర్ టెస్టా" అని నవ్వింది.

తర్వాత నెల్లూరు వెళ్లొచ్చా. సూళ్లూరుపేట దాటాక మధ్యాహ్నం ఎండలో నేను విడిగా పెట్టించుకున్న టెంపరేచర్ మీటరు 85 దగ్గర కూర్చుంది, టోల్ గేటు దగ్గర పావుగంట ఆగితే 94కి పాకి మళ్లీ దిగింది. ఇంతకుముందు అదే చోట ఆవిరి కక్కింది ఈ బండి. పొద్దున్నే మూత తీసి చూస్తే లేత పచ్చగా, అడుగు ట్యూబులు కనిపిస్తూ ఉంది, చుక్క తగ్గలేదు.

షాపు మైనస్‌లు కూడా చెప్పాలిగా. పార్కింగ్ ఉండదు, టూవీలర్‌కే చోటు దొరకదు. అడిగితేనే బిల్లిస్తారు. తయారీ తేదీ చూసుకోండి, నాకు మొదట ఇచ్చిన డబ్బా రెండేళ్ల నాటిది, అడుగున ఏదో పేరుకుని కనిపిస్తే మార్పించుకున్నా, మారుమాట్లాడకుండా మార్చారు. ఆదివారం మూసేస్తారు. పెద్దాయన మధ్యాహ్నం భోజనానికి వెళ్తే కౌంటర్లో ఉండే కుర్రాడు మీ బండేదైనా ఎర్రదే ఇస్తాడు, కాబట్టి పదకొండు లోపల వెళ్లండి.