ఎఫ్-డ్రాయిడ్: రెండేళ్లుగా నా షాపులో వాడుతున్న యాప్ స్టోరు

పోయిన వేసవిలో ఒక టీచరమ్మ ఫోన్ తెచ్చి కౌంటర్ మీద పెట్టారు. "డిస్‌ప్లే పోయిందేమో చూడు బాబూ, నేను ముట్టుకోకుండానే ఏవేవో తెరుచుకుంటున్నాయి" అన్నారు. డిస్‌ప్లే శుభ్రంగా ఉంది. లాక్ తీసినప్పుడల్లా స్క్రీన్ నిండా ప్రకటన వస్తోంది. దాన్ని మూసే గుర్తు ఆవగింజంత, అది కూడా అయిదు సెకన్ల తర్వాత కనిపిస్తోంది. వెతికితే రెండు క్లీనర్ యాప్‌లు, ఒక టార్చి యాప్ దొరికాయి. మూడూ ఆ ఫోన్ కంపెనీ ముందే ఎక్కించి పంపిన సొంత స్టోరు నుంచి వచ్చినవే. "మెమరీ నిండింది, శుభ్రం చేయండి" అని పైన నోటిఫికేషన్ వస్తే, ఫోనే చెబుతోందనుకుని ఆవిడ నొక్కారు.

ఆ మూడూ తీసేశాను. వాటి బదులు ఎఫ్-డ్రాయిడ్ నుంచి గ్యాలరీ, ఫైల్ మేనేజర్, క్యూఆర్ స్కానర్ వేసి ఇచ్చాను. మూడు నెలల తర్వాత టెంపర్ గ్లాసు వేయించుకోవడానికి వచ్చినప్పుడు నేనే అడిగి ఫోన్ చూశాను. ఒక్క ప్రకటన లేదు.

నరసరావుపేటలో నాది చిన్న సెల్ షాపు. చార్జింగ్ పిన్నులు, బ్యాటరీలు, డిస్‌ప్లేలు మార్చడం నా పని. ఈ ఎఫ్-డ్రాయిడ్‌ను రెండేళ్లుగా నా ఫోన్లో, ఇంట్లోవాళ్ల ఫోన్లలో, అడిగిన కస్టమర్ల ఫోన్లలో వాడుతున్నాను. ఫోన్లలోకి వేరే యాప్ స్టోర్లను రానివ్వాలా వద్దా అని ఇప్పుడు దేశదేశాల్లో వాదన నడుస్తోంది. అలాంటి స్టోరు ఒకటి రోజూ వాడితే ఎలా ఉంటుందో తెలుగులో ఎవరూ వివరంగా రాయగా నేను చూడలేదు. అందుకే ఈ రివ్యూ.

ఎఫ్-డ్రాయిడ్‌ను 2010లో కియరన్ గల్ట్‌నీక్స్ అనే ఆయన మొదలుపెట్టారు. వలంటీర్లు నడుపుతారు, విరాళాల మీద బతుకుతుంది. ఇందులో అకౌంట్ అక్కర్లేదు, జీమెయిల్ అడగదు, ఫోన్ నంబరు అడగదు. సోర్స్ కోడ్, అంటే యాప్ రాసిన అసలు ప్రోగ్రాము, అందరికీ తెరిచి పెట్టిన యాప్‌లనే తీసుకుంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, చాలావరకు డెవలపర్ పంపిన తయారు ఫైలును అలాగే పెట్టదు. ఆ కోడ్ తెచ్చుకుని తన దగ్గర తనే యాప్ తయారు చేస్తుంది. మా పల్నాడువాళ్లకు చెప్పాలంటే, ప్యాకెట్ కారం కొనడం వేరు, మనం తొడిమలు తీసిన మిరపకాయలు మిల్లుకు తీసుకెళ్లి ఎదురుగా నిలబడి పట్టించుకోవడం వేరు. రెండోదాంట్లో ఏం కలిసిందో మనకు తెలుస్తుంది.

నాకు బాగా నచ్చింది యాప్ పేజీలో ఉండే హెచ్చరికలు. వీటిని యాంటీ ఫీచర్స్ అంటారు. యాప్‌లో ప్రకటనలున్నా, మన వాడకం మీద నిఘా పెట్టినా, తెరిచిపెట్టని సర్వీసు మీద ఆధారపడినా అక్కడే రాసి ఉంటుంది. యూట్యూబ్ వీడియోలు చూసే న్యూపైప్ అనే యాప్ పేజీ తెరవండి. అది యూట్యూబ్ లేకపోతే పనిచేయదు కాబట్టి ఆ సంగతి ఇన్‌స్టాల్ నొక్కకముందే చెబుతుంది. తన షాపులోని సరుకు లోపాన్ని తనే చీటీ రాసి అంటించే వ్యాపారిని నేను ఇంకెక్కడా చూడలేదు.

గ్యాలరీ సంగతి కూడా చెప్పాలి. ఇంతకు ముందు సింపుల్ గ్యాలరీ అనే మంచి యాప్ ఉండేది, ఎంతోమందికి వేసిచ్చాను. 2023 చివర్లో దాన్ని తయారుచేసినాయన మొత్తం యాప్‌లన్నీ ఒక కంపెనీకి అమ్మేశారు. కోడ్ తెరిచి ఉంది కాబట్టి, అందులో పనిచేసినవాళ్లే కొందరు ఆ కోడ్ తీసుకుని ఫాసిఫై పేరుతో మళ్లీ మొదలుపెట్టారు. టీచరమ్మ ఫోన్లో వేసింది అదే. యజమాని మారినా వాడేవాళ్లు వీధిన పడకుండా ఉండటం అంటే ఇదీ.

తెలుగు టైపింగ్‌కు హెలీబోర్డ్ అనే కీబోర్డు యాప్ వేసుకున్నాను. ఇందులో తెలుగు ఉంది. ఇంటర్నెట్ అనుమతి ఇది అసలు అడగదు. మనం కొట్టే ప్రతి అక్షరం, పాస్‌వర్డ్‌తో సహా, కీబోర్డు గుండానే పోతుంది కదా, అందుకే నాకది ముఖ్యం. నోటితో చెప్పి టైపు చేసే అలవాటున్నవాళ్లకు మాత్రం గూగుల్ కీబోర్డు జీబోర్డే సుఖం, ఇది వాళ్లకు సరిపోదు.

ఆర్గానిక్ మ్యాప్స్ గురించి ఒక్క అనుభవం చాలు. బండి మీద దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లాం, నేనూ మా బావమరిదీ. నల్లమలలోకి దిగాక ఇద్దరి ఫోన్లలోనూ సిగ్నల్ పోయింది. ముందురోజే షాపు వైఫైలో ఆంధ్రప్రదేశ్ మ్యాపు దించుకున్నాను కాబట్టి మలుపు మలుపునా మా నీలం బాణం కదులుతూనే ఉంది. శిఖరం దగ్గర కొండ ఎక్కేదాకా మా బావమరిది ఆ ఫోన్ చేతిలోంచి దించలేదు.

ఇక లోపాలు. ఇవీ తక్కువేం కాదు.

వెతకడం కష్టం. సరిగ్గా యాప్ పేరు తెలిస్తేనే దొరుకుతుంది. "ఫోటోలు చిన్నవి చేసేది" అని కొడితే సంబంధం లేనివి వస్తాయి. స్టార్ రేటింగ్‌లు లేవు, కామెంట్లు లేవు, ఎంతమంది వాడుతున్నారో లెక్క లేదు. వివరణలు దాదాపు అన్నీ ఇంగ్లీషే, చాలావాటికి స్క్రీన్‌షాట్లు కూడా ఉండవు. మా అమ్మ చేతికిచ్చి "నీకు కావాల్సింది ఏరుకో" అనలేను. అప్‌డేట్లు ప్లే స్టోర్‌తో పోలిస్తే కొన్ని రోజులు ఆలస్యంగా వస్తాయి, వాళ్లు తిరిగి తయారు చేయాలి కాబట్టి. వాట్సాప్, ఫోన్‌పే, బ్యాంకు యాప్‌లు ఇందులో ఉండవు, రావు కూడా. కాబట్టి ప్లే స్టోర్‌ను తీసేసి దీంతోనే బతకమని ఎవరికీ చెప్పను.

ఒక దెబ్బ నేనే తిన్నాను. అరువు ఖాతాలు రాసుకునే యాప్ ఒకటి ప్లే స్టోర్ నుంచి వేసుకుని ఉన్నాను. అదే యాప్ ఎఫ్-డ్రాయిడ్‌లో కనిపిస్తే దాని మీదే ఎక్కించబోయాను. ఎక్కలేదు. రెండుచోట్లా సంతకం, అంటే యాప్ ఎవరు తయారుచేశారో చెప్పే డిజిటల్ ముద్ర, వేరు. పాతది తీసి కొత్తది వేశాను. దాంతోపాటు నాలుగు నెలల అరువు ఖాతా పోయింది. నోటు పుస్తకంలో సగమే ఉంది. మీరు అలా మారేటప్పుడు ముందు ఎక్స్‌పోర్ట్ లేదా బ్యాకప్ తీసుకున్నాకే పాతది తీయండి.

నియర్‌బై అనే ట్యాబ్ చూసినప్పుడు మాత్రం పాత రోజులు గుర్తొచ్చాయి. ఒకప్పుడు మా ఊళ్లో యాప్‌లు నెట్ నుంచి వచ్చేవి కావు, ఫోన్ నుంచి ఫోన్‌కి పాకేవి. షేర్‌ఇట్, జెండర్ పెట్టుకుని నేనే వందల ఫోన్లకు ఎక్కించాను. 2020 జూన్ 29న కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో ఆ రెండూ ఉన్నాయి. నియర్‌బైతో నెట్ లేకుండానే పక్క ఫోన్‌కు యాప్‌లు ఇవ్వొచ్చు. షాపులో రెండు ఫోన్లతో చూశాను. మొదటిసారి రెండో ఫోన్ కనిపించలేదు. రెండింటినీ ఒకే హాట్‌స్పాట్‌కు కలిపాక పనిచేసింది.

ఇప్పుడు అసలు వాదన దగ్గరకు వస్తాను. "బయటి నుంచి యాప్‌లు వేస్తే డబ్బులు పోతాయి" అనేవాళ్ల మాట నేను కొట్టిపారేయను. వినుకొండ వైపు నుంచి ఒక మిర్చి రైతు నా దగ్గరకు వచ్చాడు. యార్డులో సరుకు అమ్మిన డబ్బు ఖాతాలో పడింది. వాట్సాప్‌లో తెలిసినాయన నంబరు నుంచే "మీ బండికి చలాన్" అని ఒక ఏపీకే ఫైలు, అంటే ఆండ్రాయిడ్‌లో యాప్ ఎక్కించే ఫైలు, వచ్చింది. నొక్కాడు. అది ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి అడిగితే ఇచ్చాడు. రాత్రికి రాత్రి ఓటీపీలు దానికదే చదివి 38 వేలు లాగేసింది. నా కౌంటర్ దగ్గర నుంచే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించాను. కొంత ఆపగలిగారు, మిగతాది రాలేదు. ఫోన్ నా చేతికిస్తూ "పిల్ల ఫీజు కట్టాల్సిన డబ్బు అబ్బాయ్" అన్నాడు. ఆ రోజు నుంచి "వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే నొక్కవద్దు, 1930" అని రాసి అద్దానికి అంటించాను.

ఎఫ్-డ్రాయిడ్ ఫోన్లోకి వచ్చేదీ ఏపీకే రూపంలోనే. దొంగ చలాన్ ఏ తలుపులోంచి వచ్చిందో ఇదీ ఆ తలుపులోంచే రావాలి. నాకు బాధ కలిగించేది ఇదే. ప్లే స్టోర్‌లో వెతికితే ఎఫ్-డ్రాయిడ్ దొరకదు. వేరే స్టోర్లను తన స్టోరులో గూగుల్ పెట్టనివ్వదు. నిజాయితీగా నడిచే స్టోరును కూడా దొడ్డిదారిన రమ్మన్నాక, ఆ దారిలో వచ్చేవాళ్లంతా దొంగలేనంటే ఎలా? పైగా మంచి స్టోరు కోసం "అలౌ" నొక్కడం నేర్పిన వేలు రేపు దొంగ ఫైలుకు కూడా నొక్కుతుంది.

మన దేశంలో ఈ ముడి విప్పే అవకాశం ఒకసారి వచ్చింది. 2022 అక్టోబరు 20న కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. వేరే యాప్ స్టోర్లను ప్లే స్టోర్ ద్వారానే పంచుకోనివ్వాలని కూడా ఆదేశించింది. 2023 మార్చి 29న అప్పీళ్లు వినే ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌ఏటీ జరిమానాను నిలబెట్టింది కానీ ఆ ఆదేశాన్ని కొట్టేసింది. అందరూ జరిమానా అంకె గురించే మాట్లాడారు. నా కౌంటర్ దగ్గరకు వచ్చేవాళ్లకు పనికొచ్చేది ఆ పోయిన ఆదేశం. అమెరికాలో ఎపిక్ గేమ్స్ అనే గేమ్‌ల కంపెనీ గూగుల్ మీద వేసిన కేసులో జడ్జి జేమ్స్ డొనాటో 2024 అక్టోబరులో ఇలాంటి ఆదేశమే ఇచ్చారు, 2025 జులైలో అప్పీలు కోర్టు సమర్థించింది. ఐఫోన్లకైతే యూరప్‌లో 2024 మార్చి నుంచి చట్టం వల్ల వేరే స్టోర్లకు దారి దొరికింది. ఇక్కడ ఐఫోన్ తెచ్చి "ఇందులో ఎఫ్-డ్రాయిడ్ వేయి" అనే కుర్రాళ్లకు కుదరదని చెప్పి పంపుతున్నాను.

కొత్త చిక్కు ఇంకొకటి. 2025 ఆగస్టులో గూగుల్ ఒక ప్రకటన చేసింది. గూగుల్ సర్టిఫై చేసిన ఆండ్రాయిడ్ ఫోన్లలో ఏ యాప్ వేయాలన్నా, అది ఎక్కడి నుంచి వచ్చినా, తయారుచేసినవాళ్లు తమ గుర్తింపును గూగుల్ దగ్గర నమోదు చేసుకుని ఉండాలి. 2026 సెప్టెంబరులో బ్రెజిల్, ఇండోనేసియా, సింగపూర్, థాయ్‌లాండ్‌లలో మొదలుపెట్టి 2027 నుంచి మిగతా దేశాలకు తెస్తామంది. ఇంటర్నెట్ నుంచి నేరుగా వేసుకునే యాప్‌లలో ప్లే స్టోర్ కన్నా 50 రెట్లకు పైగా మాల్‌వేర్, అంటే హాని చేసే సాఫ్ట్‌వేర్, ఉందని తన విశ్లేషణలో తేలిందని చెప్పింది. ఇది అమలైతే తమ పని ఇప్పుడున్నట్టు సాగదని ఎఫ్-డ్రాయిడ్ వాళ్లు గట్టిగానే రాశారు. వేలకొద్దీ యాప్‌ల డెవలపర్లను వెళ్లి నమోదు చేసుకోండని వాళ్లు బలవంతపెట్టలేరు, అందరి తరఫునా తామే చేయలేరు. ఆ నవంబరులో గూగుల్ కొంచెం తగ్గి, అనుభవం ఉన్నవాళ్లు హెచ్చరికలు దాటుకుని వేసుకునే దారి ఒకటి ఉంచుతామంది.

గుర్తింపు కార్డు అడిగితే దొంగలు ఆగుతారా? సిమ్ కార్డు కావాలన్నా గుర్తింపు కార్డు చూపించాలి. అయినా మోసం కాల్స్ మోగుతూనే ఉన్నాయి, ఎవరి పేరు మీదో తీసిన సిమ్‌లతో. దాని బదులు గూగుల్ మన దేశంలోనే 2024 చివర్లో తెచ్చిన ఇంకో ఏర్పాటు నాకు సబబుగా కనిపిస్తుంది. బ్రౌజర్ నుంచో వాట్సాప్ నుంచో వచ్చిన యాప్ ఎస్సెమ్మెస్, నోటిఫికేషన్లు, యాక్సెసిబిలిటీ (స్క్రీన్ చదివి మన బదులు నొక్కే వీలు) లాంటి అనుమతులు కోరుతుంటే ఫోన్లోని గూగుల్ కాపలా ప్లే ప్రొటెక్ట్ అక్కడే ఆపేస్తుంది. ఇది యాప్ చేయబోయే పనిని చూస్తుంది. మిర్చి రైతు ఫోన్లో ఆ అడ్డం పనిచేసి ఉంటే ఆ 38 వేలు మిగిలేవి, ఎఫ్-డ్రాయిడ్‌లోని గ్యాలరీకి ఏ ఇబ్బందీ ఉండేది కాదు.

నా మార్కులు 5కి 4. ఒక మార్కు వెతకడం దగ్గర, తెలుగు వివరణలు లేకపోవడం దగ్గర పోయింది. ఫోన్ గురించి కాస్త తెలిసినవాళ్లు నిశ్చింతగా వేసుకోండి. తెలియని పెద్దవాళ్లకైతే మీరే దగ్గర కూర్చుని కావాల్సిన నాలుగు యాప్‌లు వేసి ఇవ్వండి.

వేసుకోవాలంటే బ్రౌజర్‌లో ఎఫ్-డ్రాయిడ్ డాట్ ఆర్గ్ అని మీరే టైపు చేసి వెళ్లండి, ఎవరో పంపిన లింకు మీద నొక్కకండి. ఫైలు దిగాక ఫోన్ అనుమతి అడుగుతుంది, బ్రౌజర్‌కు ఇవ్వండి. ఎఫ్-డ్రాయిడ్ ఎక్కిన వెంటనే సెట్టింగ్స్‌లో "ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్" అని వెతికి, బ్రౌజర్‌కు ఇచ్చిన ఆ అనుమతిని తీసేయండి. అదే లిస్టులో వాట్సాప్ పేరు ఎదురుగా ఏముందో కూడా చూడండి. ఆన్‌లో ఉంటే ఆఫ్ చేయండి.