కోరంగి మడ అడవిలో పడవ విహారం: బావురుపిల్లి కనబడకపోయినా

కాకినాడ సమీపంలోని కోరంగి అభయారణ్యానికి గత నెలలో ఒక ప్రైవేటు పడవ బృందంతో వెళ్ళాము. 1978లో ఏర్పాటై, సుమారు 235 చదరపు కిలోమీటర్ల మేర విస్తరించిన ఈ ప్రాంతం బావురుపిల్లికి, అంటే నీటిపిల్లికి, ముఖ్యమైన ఆవాసం.

ఈ విహారానికి ప్రాణం మా మార్గదర్శి వివరణే. వేళ్ళ మధ్య కొంతమేర చర్మపు పొర, నీరు ఒంటికి చేరనీయని దట్టమైన లోపలి బొచ్చు ఉన్న ఈ పిల్లి రాత్రివేళ కాలువ ఒడ్డున పొంచి ఉండి, చేపలు, పీతలతో పాటు ఎలుకలను, పాములను, నీటి పక్షులను కూడా వేటాడుతుందని ఆయన ఓపికగా చెప్పారు. చెరువుల్లో చేపలు పోతే నింద దీనిపైనే పడుతుంది గాని, వరిచేను పాడుచేసే ఎలుకలను ఇది తింటుందన్న సంగతి మన డెల్టాలో ఎందరు తలచుకుంటారు? మడలను కొట్టి రొయ్యల చెరువులు తవ్విన చోట దానికి దాగే నీడా, దొరికే ఆహారమూ రెండూ తగ్గిపోతాయి.

లోపమల్లా పడవ ఇంజను మోతే. మాటలు సగం వినబడలేదు. పిల్లి మాకు కనబడలేదు, అది నిశాచరి కనుక పట్టపగలు ఆశించడమూ న్యాయం కాదు. పోటు తీసినప్పుడు బురదలో చూపిన అడుగుజాడలు మాత్రం చెల్లించిన రుసుముకు మించిన విలువైనవి.