రాత్రికి అన్నమా, రొట్టెలా, కొర్రలా? బరువూ తగ్గాలి, ఖర్చూ పెరగకూడదంటే ఏది మేలు

ఈమధ్య చుట్టాల్లో గానీ, మా అపార్ట్‌మెంట్‌లో గానీ ఎవరు కలిసినా ఇదే అడుగుతున్నారు. "రాత్రి అన్నం మానేసి చపాతీ తింటున్నాం, అయినా బరువు తగ్గట్లేదు. కొర్రలకు మారమంటారా? జొన్నరొట్టె మంచిదంటున్నారు, నిజమేనా?" వెంటనే రెండో మాట: "కొర్రల రేటు చూశారా అసలు?" నలుగురున్న ఇల్లు, నెల కిరాణా లెక్క చూసుకుని తెచ్చుకునే ఇల్లు అనుకుని నాకు తోచింది రాస్తున్నాను. షుగరో కిడ్నీ సమస్యో ఉన్నవాళ్ళు మాత్రం వాళ్ళ డాక్టర్ చెప్పిందే పాటించాలి.

హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల తెల్ల బియ్యంలో 356 కేలరీలు, జొన్నల్లో 334, గోధుమపిండిలో 320. కొర్రలూ ఆ దరిదాపుల్లోనే ఉంటాయి. అంటే గింజ మార్చినంత మాత్రాన కేలరీలు పెద్దగా తగ్గవు. పీచులో మాత్రం తేడా బాగానే ఉంది: బియ్యంలో మూడు గ్రాముల లోపు, జొన్నల్లో పది. పీచు ఎక్కువుంటే కడుపు తొందరగా నిండుతుంది, ఆకలి ఆలస్యంగా వేస్తుంది. ఇక చూడాల్సింది కంచంలోకి ఎంత వస్తోందన్నది.

ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్‌తో పాటు ఒక ప్లాస్టిక్ కప్పు ఇస్తారు కదా, దాంట్లో 150 గ్రాముల బియ్యం పడతాయి. మనిషికి కప్పు చొప్పున వండే ఇళ్ళు చాలానే ఉన్నాయి. ఆ అన్నం ఒక్కటే 530 కేలరీలు, కూరలూ పప్పూ ఇంకా లెక్కలోకి రాలేదు. మూడు చపాతీలకు 105 గ్రాముల పిండి, ఒక్కోదాని మీద చెంచా నూనె వేసి కాలిస్తే మొత్తం 470 దాకా వస్తుంది. రెండు పెద్ద జొన్నరొట్టెలు 400. కొర్రలు కూడా బియ్యంలాగే కప్పు పోసి వండితే 500. అన్నం మానేసి చపాతీ తింటున్నా తగ్గట్లేదన్నవాళ్ళకు జవాబు ఇక్కడే ఉంది. పైగా చపాతీలోకి పప్పు నంజుకునేవాళ్ళు తక్కువ. ఆలుగడ్డ కుర్మానో, నూనె తేలే టమాటా కూరో కావాలంటారు. నూనె లేకుండా పుల్కాలు చేసుకునే ఇంట్లో అయితే చపాతీ మీద నాకు అభ్యంతరం లేదు. ఆటా ధర కూడా అందుబాటులోనే ఉంటుంది.

జొన్నరొట్టె సంగతి వేరు. చుక్క నూనె అక్కర్లేదు. నమిలి తినాలి కాబట్టి రెండో రొట్టె సగానికి వచ్చేసరికే చాలనిపిస్తుంది. అన్నం అయితే పెరుగుతో ఇంకొంచెం, చారుతో ఇంకొంచెం అంటూ జారిపోతుంది. బరువు ఒక్కటే చూస్తే నా ఓటు రొట్టెకే. సాయంత్రమైతే కూకట్‌పల్లి నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ప్రతి బస్తీ మలుపులోనూ రొట్టెలు కొట్టే ఆడవాళ్ళు కనిపించడానికి కారణం కూడా ఇదే. షుగర్ వచ్చినవాళ్ళూ బరువు తగ్గాలనుకునేవాళ్ళూ అక్కడ క్యూ కడుతున్నారు. కానీ ఒక్కో రొట్టె పదిహేను రూపాయలనుకున్నా నలుగురికి ఎనిమిది రొట్టెలంటే రోజుకు 120, నెలకు 3,600. అదే పిండి మరపట్టించుకుని ఇంట్లో చేస్తే రోజుకు ముప్పై రూపాయలు దాటదు. చేసేదెవరన్నదే ప్రశ్న. జొన్నపిండికి గోధుమపిండిలా సాగే గుణం లేదు. వేడినీళ్ళతో కలిపి, ఒక్కోటీ చేత్తో తట్టి, పెనం మీద తడిగుడ్డ అద్ది కాల్చాలి. అలవాటున్న చేతికి కూడా ఎనిమిది రొట్టెలంటే ముప్పావుగంట. ఆఫీసు నుంచి ఏడున్నరకు ఇల్లు చేరే మనిషికి ఈ సలహా ఇవ్వడానికి నాకు నోరు రాదు.

కొర్రల గురించి ఎక్కువ చెప్పను. మంచి గింజే. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక వాటికి గిరాకీ పెరిగింది, ప్యాకెట్ ధరలూ ఆ దారినే వెళ్ళాయి. మా కిరాణా కొట్టులో కిలో కొర్రలు సోనామసూరికి దాదాపు రెట్టింపు. ఆ తేడా డబ్బులతో గుడ్లు కొనుక్కోవచ్చు.

నా దృష్టిలో వీటన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: ఇంటిల్లిపాదికీ ఒకే వంట అవుతుందా, లేదా? చాలా ఇళ్ళలో రాత్రి వంటగది చూడండి. అమ్మకు చపాతీ, నాన్నకు కొర్రన్నం, నానమ్మకు మెత్తటి అన్నం, పిల్లలకు నూడుల్స్. మూడు నాలుగు వంటలు, ప్రతి దాంట్లోనూ కొంత మిగులు, గ్యాస్ అదనం. 'డైట్' చేసేవాళ్ళ సరుకే అన్నిటికంటే ఖరీదైనది కాబట్టి చిట్టీ కట్టాల్సిన వారంలోనో, స్కూల్ ఫీజు నెలలోనో లిస్టులోంచి మొదట కొట్టేసేది అదే. దాంతో డైట్ ఆగిపోతుంది, మళ్ళీ పాత కంచమే. బరువు తగ్గడం నెలల తరబడి సాగాల్సిన పని. పర్సు ఖాళీ అయిన వారంలో కూడా నడిచే పద్ధతే కావాలి.

ఇలా చూస్తే, ఆశ్చర్యంగా ఉన్నా, అన్నమే ముందుంటుంది. తెలంగాణలో రేషన్ కార్డున్న ఇంటికైతే 2025 ఉగాది నుంచి మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఉచితంగా వస్తున్నాయి. నలుగురికి 24 కిలోలు. దీంతో ధరలో పోటీపడే గింజ ఏదీ లేదు. కార్డు లేకపోయినా అందరి నోటికీ అలవాటున్న తిండి, వండడం తేలిక. మార్చాల్సింది కొలత. పెద్దవాళ్ళకు మనిషికి కప్పు పోసే చోట అరకప్పు పోయండి. తగ్గిన అన్నం చోటును పప్పూ కూరా నింపాలి. ఇది చేయకుండా అన్నం ఒక్కటే తగ్గిస్తే రాత్రి పదింటికి మిక్చర్ డబ్బా మూత తీయడం ఖాయం.

మన పప్పు పల్చన. నలుగురికి వంద గ్రాముల కందిపప్పు వేసి నీళ్ళు పోసేస్తాం. వంద గ్రాముల్లో ప్రోటీన్ 22 గ్రాములు, మనిషికి వచ్చేది ఐదున్నరే. 200 గ్రాములు వేసి ముద్దపప్పులా ఉంచితే పదకొండు వస్తుంది. కందిపప్పు రోజూ అంత పోయడం కష్టమైతే పెసరపప్పు, ఉలవలు, అలసందలు, శనగలు మార్చి మార్చి వాడండి. మీల్ మేకర్‌ను చాలామంది బిర్యానీలో వేసే నకిలీ మటన్‌లా చూస్తారు గానీ, 50 గ్రాముల ఎండు మీల్ మేకర్‌లో 25 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. రూపాయికి ఎంత ప్రోటీన్ అని లెక్కేస్తే దాన్ని కొట్టేది దొరకడం కష్టం. గుడ్డులో ఆరు గ్రాములు.

కూర రెట్టింపు అనగానే ఖర్చు గుర్తొస్తుంది. మెహిదీపట్నం, ఎర్రగడ్డ, సరూర్‌నగర్ రైతుబజార్లలో ధరల బోర్డు చూసి, ఆ రోజు చవగ్గా ఉన్నదే కొనండి. సొరకాయ, బీరకాయ, దొండకాయ, తోటకూర, గంగవాయిలికూర, పుంటికూర. ఏం వండాలో ఇంట్లోనే అనుకుని బయల్దేరితే జేబుకు చిల్లే. ఆడవాళ్ళకు ఆర్టీసీ ఆర్డినరీ బస్సుల్లో ఛార్జీ లేదు కాబట్టి వారానికోసారి వెళ్ళిరావడం భారం కాదు. పది నిమిషాల్లో డెలివరీ యాప్‌లో ఆకుకూర కట్ట కొంటూ బడ్జెట్ అంటే నేను ఒప్పుకోను.

పిల్లల మాట. ఎదిగే పిల్లలకు అన్నం తగ్గించకూడదు. అదే కుక్కర్‌లోంచి వాళ్ళకు ఇంకో గరిటె ఎక్కువ, పైన గుడ్డు, కాస్త నెయ్యి. వంట ఒకటే, వడ్డన వేరు.

రొట్టె చేయలేకపోతే జొన్న మొత్తానికి వదులుకోవాలా? అక్కర్లేదు, గటక ఉంది. జొన్నరవ్వను రెండు మూడు గంటలు నానబెట్టి, నాలుగు రెట్ల నీళ్ళు, ఉప్పు వేసి కుక్కర్‌లో ఉడికిస్తే అయిపోతుంది. తట్టే పని లేదు, నలుగురూ ఒకేసారి కూర్చుని తినొచ్చు. పొయ్యి మీద పెట్టే పని లేని పచ్చిపులుసు, పక్కన ఉల్లిపాయ ఉంటే చాలు. పిల్లలు మూతి ముడిస్తే మొదట్లో సగం అన్నం కలిపి పెట్టండి. మా ఇంట్లో ఇప్పుడు నడుస్తున్నది ఇదే: ఎక్కువ రాత్రులు సగం కొలత అన్నం, మధ్యలో గటక, సెలవు రోజున రొట్టెలు.

గింజ ఏదైనా నూనె సీసా మీద కన్నుండాలి. లీటరు నూనెలో ఎనిమిది వేల పైచిలుకు కేలరీలున్నాయి. పెద్దవాళ్ళకు రోజుకు 20 నుంచి 30 గ్రాములు చాలంటారు. ఈ లెక్కన నలుగురికి నెలకు మూడు లీటర్లు సరిపోవాలి. మీ ఇంట్లో ఐదు అయిపోతుంటే జొన్నా కొర్రా అని వాదించుకోవడం దండగ. ఒక లీటరు తగ్గించినా ఆ డబ్బుతో నెలలో కొన్ని గుడ్లు కొనుక్కోవచ్చు.

మిగతావి క్లుప్తంగా. ఓట్స్: ఇష్టమైతే పొద్దున తినండి, మసాలా ప్యాకెట్లు మాత్రం వద్దు. దంపుడు బియ్యం: మంచివే, పీచు ఎక్కువ, ధరా ఎక్కువే. క్వినోవా: ఈ బడ్జెట్‌లో చర్చే లేదు. రాజేంద్రనగర్ వరి పరిశోధన కేంద్రం రూపొందించిన తెలంగాణ సోనా, అదే ఆర్‌ఎన్‌ఆర్ 15048, గురించి కూడా అడుగుతుంటారు. గ్లైసీమిక్ ఇండెక్స్ తక్కువని దానికి పేరు. రక్తంలో చక్కెర మెల్లగా పెరగడానికి అది పనికొస్తుంది గానీ కేలరీలు మామూలు బియ్యమంతే. అది కొన్నామని ఇంకో కప్పు పోయకండి.

నేను చెప్పిన లెక్క పనిచేయని ఇల్లు కూడా ఒకటుంది: ఒక్కరే ఉండేవాళ్ళది. అమీర్‌పేటలోనో గచ్చిబౌలిలోనో రూమ్ తీసుకుని ఉంటున్నవాళ్ళకు ఒకే వంట అన్న సమస్యే రాదు. వాళ్ళకు బండి మీద రెండు జొన్నరొట్టెలు, రూమ్‌లో ఉడకబెట్టుకున్న రెండు గుడ్లు, కోసుకున్న కీరా. యాభై, అరవై రూపాయల్లో భోజనం. బండి దగ్గర అమ్మే నూనె కూర మాత్రం వద్దని చెప్పండి.