మచ్చల డయలా, మెరిసే డయలా?

మా ఇంట్లో ఇప్పుడు రెండు హెచ్‌ఎంటీ జనతా వాచీలు ఉన్నాయి. ఒకటి అమలాపురంలో తాతయ్య కట్టుకున్నది, డయల్ నిండా గోధుమరంగు మచ్చలు. రెండోది రాజమండ్రిలో పాతదని చెబితే కొన్నది, నిన్ననే డబ్బాలోంచి తీసినట్టు తెల్లగా ఉంది. చూడగానే ఎవరైనా మొదటిది పాడైందనీ, రెండోది అసలైనదనీ అంటారు. నేనూ అలాగే అనుకున్నాను.

భూతద్దం పెట్టాక కథ మారింది. తాతయ్య వాచీలో మచ్చలు అంచు నుంచి లోపలికి పాకాయి, కీ ఉన్న వైపు ఎక్కువ. చెమ్మ దూరే దారి అదే మరి. కోనసీమ గాలికి బీరువాలో బట్టలకే బూజు పడుతుంది! అక్షరాలు మాత్రం సన్నగా, స్పష్టంగా ఉన్నాయి. రెండోదాంట్లో అక్షరాలు లావుగా అలుక్కుపోయాయి, నిమిషాల గీతలు గంట గుర్తులకు సూటిగా లేవు. అంటే డయల్‌కి మళ్లీ రంగేసి అచ్చు కొట్టారన్నమాట. పాత వాచీకి అంత తెల్లటి ముఖం ఉన్నప్పుడే అనుమానించాల్సింది.

లోపలి మిషన్‌కి వస్తే పెద్ద తేడా లేదు. రెండూ చేత్తో కీ ఇచ్చే 17 జ్యూయెల్స్‌వే (జ్యూయెల్స్ అంటే లోపలి చక్రాల అరుగుదల తగ్గించే చిన్న కెంపు రాళ్లు). హెచ్‌ఎంటీ 1961లో జపాన్ సిటిజన్ సాయంతో బెంగళూరులో వాచీల తయారీ మొదలుపెట్టింది.

ఇక డ్యామేజీ సంగతి. మచ్చలు డయల్ మీదే ఉంటే టెన్షన్ అక్కర్లేదు, మిషన్‌కి తుప్పు పాకితేనే ప్రమాదం. తాతయ్య వాచీ మూత తీయిస్తే ఒక్క స్క్రూకే తుప్పు కనిపించింది. సర్వీసింగ్‌కి ఇచ్చాను, డయల్ జోలికి వెళ్లొద్దని రెండుసార్లు చెప్పి మరీ.